చెస్ అంటే ఛారియట్, హార్స్, ఎలిఫెంట్ కాదట: ఎటిమాన్‌లైన్ మీద నా రివ్యూ

మావాడు వెళ్ళే చెస్ క్లాసులో గోడకి ఒక ఫ్లెక్సీ ఉంది. సి అంటే ఛారియట్, హెచ్ అంటే హార్స్, ఇ అంటే ఎలిఫెంట్, రెండు ఎస్‌లు సోల్జర్స్, అన్నీ కలిపితే చెస్ అని రంగురంగుల అక్షరాల్లో. మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది, అందులో రెండు మా చుట్టాల గ్రూపులే. మావాడికి తొమ్మిదేళ్ళు, ఇంటికొచ్చి షూస్ కూడా విప్పకుండా అడిగాడు: "నాన్నా, సోల్జర్స్‌కి ఒక ఎస్ చాలు కదా, రెండోది ఎవరిది?" నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి తెరిచిన వెబ్‌సైట్ గురించే ఈ రివ్యూ. ఐదు నిమిషాల పని అనుకున్నా, ఒకే ఒక్క మాట వెంట రెండు వారాలు తిరిగాను.

సైట్ పేరు ఎటిమాన్‌లైన్, పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. ఇంగ్లీషు మాట ఏదైనా కొట్టండి, అది ఎప్పటి నుంచి రాతలో కనిపిస్తోంది, ఏ భాష నుంచి వచ్చింది, దారిలో అర్థం ఎలా మారింది అనేది రెండు మూడు పేరాల్లో చెప్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన డగ్లస్ హార్పర్ అనే ఆయన 2000ల మొదట్లో దాదాపు ఒక్కడే కూర్చుని మొదలుపెట్టిన పని ఇది. ఫ్రీ. లాగిన్ అక్కర్లేదు. మధ్యమధ్యలో ప్రకటనలు వస్తాయి. యాప్ ఉంది గానీ నేను ఫోన్ బ్రౌజర్‌లోనే చూస్తాను.

టైం లేనివాళ్ళకి ముందే చెప్పేస్తా: 5కి 4 స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తా.

చెస్ అని కొట్టగానే ఫ్లెక్సీ కథ తేలిపోయింది. అది ఏ మాటల మొదటి అక్షరాలూ కాదు. పాత ఫ్రెంచిలో "చెక్" అనే అర్థం ఉన్న మాటకి బహువచనం, అంతే. ఆటలో ఎదుటివాడి రాజు మీదికి దాడి పెట్టినప్పుడు చెక్ అంటాం కదా, ఆ కేకే ఆటకి పేరైపోయింది. ఇందులో మనకి వింతేమీ లేదు, "చెడుగుడు చెడుగుడు" అని కూత పెట్టే ఆటని మనం చెడుగుడు అనే అన్నాం. రెండో ఎస్ ఏ సోల్జర్‌దీ కాదని కూడా తేలింది కాబట్టి మావాడికి అక్కడే ఆపేయొచ్చు. కానీ ఆ పేరాలో చెక్ అనే మాట మీద లింకు ఉంది, నొక్కాను.

ఫ్రెంచి వెనక లాటిన్, లాటిన్ వెనక అరబీ, అరబీ వెనక పారసీ. అక్కడ ఉన్న మాట "షా". రాజు. అంటే చెక్ అని అరిచేవాడు నిజానికి "రాజు! రాజు!" అని అరుస్తున్నాడు, నీ రాజుని చూసుకోరా అని.

ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా తాతయ్య సంగారెడ్డి వైపు మనిషి, ఉర్దూ మీడియంలో చదువుకున్నారు. సాయంత్రం అరుగు మీద చదరంగం పెట్టేవారు. ఆయన నోట చెక్ అనే మాట నేనెప్పుడూ వినలేదు. "షహ్" అనేవారు, పక్కింటికి వినపడేంత గట్టిగా, గుర్రాన్ని దించుతూ. ఆట ముగిస్తే "షహ్ మాత్". మేం ఇంగ్లీషు మీడియం పిల్లలం, సెలవులకి వెళ్ళినప్పుడు "తాతయ్యా, షహ్ కాదు, చెక్ అనాలి" అని దిద్దేవాళ్ళం. ఆయన దిద్దుకోలేదు. ఎంత మంచి పని చేశారో ఇన్నేళ్ళకి తెలిసింది. ఆయనది అసలు, మాది ఫ్రెంచివాళ్ళ చేతిలో పడి నలిగి వచ్చింది.

ఆ "మాత్" సంగతి కూడా బాగుంటుంది. చెక్‌మేట్ అంటే "రాజు చచ్చాడు" అని చాలామంది చెప్తారు, అరబీలో మాత అంటే చచ్చాడు అనే కాబట్టి. సైట్ చెప్పేది వేరు. పారసీలో మాత్ అంటే దిక్కుతోచక నిలబడిపోయినవాడు, దాన్ని అరబీవాళ్ళు తమ మాట అనుకుని "చచ్చాడు" చేసేశారు. ఆలోచిస్తే ఇదే సరిగ్గా ఉంది, చెస్‌లో మిగతా అందరూ చస్తారు గానీ రాజుని ఎవరూ చంపరు, ఎటూ కదల్లేకుండా చేసి వదిలేస్తారు. మన "ఆటకట్టు"లో కూడా చావు లేదు చూడండి, కట్టేయడమే ఉంది.

ఇక ఈ షా మనకేమీ కొత్తవాడు కాదు. బాద్‌షాలో ఉన్నాడు, గోల్కొండ కుతుబ్ షాహీల పేరులోనే ఉన్నాడు. ఇంకా వెనక్కి వెళ్తే పాత పారసీలో రాజుకి ఉన్న మాట సంస్కృతంలోని క్షత్రం, క్షత్రియలకి దగ్గరి చుట్టం. శాతవాహనులతో తలపడిన పశ్చిమ క్షత్రపుల పేరు కూడా ఆ కుటుంబంలోదే. రోజూ బ్యాంకులో నా చేతికొచ్చే చెక్కులో క్షత్రియుడి బంధువు ఒకడు దాక్కుని ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు.

ఫ్లెక్సీ వేయించినవాళ్ళ మీద నాకు కోపం రాకపోగా జాలి వేసింది, ఎందుకంటే రథాలు, గుర్రాలు, ఏనుగులు, సైనికులు నిజంగానే ఈ కథలో ఉన్నాయి, కాకపోతే ఇంగ్లీషు పేరులో కాదు, మన పేరులో. చతురంగం అంటే నాలుగు అంగాల సేన, రథ గజ తురగ పదాతులు. చతురంగం ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది, స్పెయిన్ చేరి అహెద్రెత్ అయింది. స్పెయిన్ వాళ్ళు ఇప్పటికీ మన పేరుతోనే పిలుస్తున్నారు. ఇంగ్లీషువాళ్ళు పేరు వదిలేసి కేక పట్టుకున్నారు. మనం తిరిగి ఆ కేకలో మన నాలుగు అంగాలని ఇరికించి ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

సైట్ ఎలా చదవాలో ఇక్కడ ఒక మాట, ఎందుకంటే మొదటి రోజు నేను తికమక పడ్డాను. "14 సి." అని ఉంటే 14వ శతాబ్దం, అంటే 1300లు. 1400లు కాదు. ఆ సంవత్సరం మాట పుట్టినరోజు కాదు, రాతలో మొదట దొరికిన కాలం మాత్రమే, జనం నోట అంతకు ముందే ఉండి ఉండొచ్చు. మాట ముందు నక్షత్రం గుర్తు ఉంటే అది ఎక్కడా రాసి దొరకలేదు, ఇలా ఉండి ఉండాలని పండితులు కట్టిన రూపం. ఒకే మాటకి రెండు మూడు ఎంట్రీలు ఉంటే అన్నీ చదవండి, చెక్‌లో ఆట, బ్యాంకు ఒకచోట, గళ్ళ బట్ట ఇంకోచోట ఉంటాయి. ఎక్స్‌చెకర్‌కి మళ్ళీ వేరే పేజీ. నన్ను పూర్తిగా ముంచేసింది ఆ పేజీయే.

ఇంగ్లండ్‌లో ఖజానాని ఎక్స్‌చెకర్ అంటారు, ఇప్పటికీ అక్కడి ఆర్థిక మంత్రి హోదా పేరు ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్. ఆ మాటకి అసలు అర్థం చదరంగం బల్ల. నార్మన్ రాజుల కాలంలో లెక్కలు చూసే బల్ల మీద గళ్ళ గుడ్డ పరిచేవారట, దాని వల్ల ఆఫీసుకే ఆ పేరు. సైట్ ఇంతే చెప్తుంది. నాకు ఆగలేదు, ఇంకొంచెం వెతికి చదివాను. ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో ఆ ఆఫీసు పనితీరు మొత్తం ప్రశ్నలు, జవాబుల రూపంలో రాసిపెట్టాడు. బల్ల సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు, పైన పెట్టినవి కింద పడకుండా. దాని మీద నల్ల గుడ్డ, గుడ్డ మీద గీతలు. పెన్నీలకి ఒక వరస, షిల్లింగులకి ఒకటి, పౌండ్లకి ఒకటి, ఇరవైలకి, వందలకి, వేలకి ఒక్కొక్కటి. జిల్లాల నుంచి పన్ను వసూలు చేసుకొచ్చిన షెరీఫ్ ఒకవైపు, రాజుగారి మనుషులు ఇంకోవైపు, మధ్యలో బిళ్ళలు జరుపుతూ నువ్వింత కట్టాలి, ఇంతే తెచ్చావు అని తేల్చడం. ఇది కూడా ఇద్దరి మధ్య చదరంగం లాంటిదే, అందుకే ఆ పేరు అని ఫిట్జ్‌నీల్ స్వయంగా రాశాడు.

ఇంత తతంగం ఎందుకంటే వాళ్ళవి రోమన్ అంకెలు. ఆ అంకెలతో కాగితం మీద కూడిక వేసి చూడండి, ఏడుపొస్తుంది. సున్నా ఉన్న అంకెలు అప్పటికి ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు. అందుకే గళ్ళు, బిళ్ళలు. లెక్కబెట్టే బల్ల కాబట్టే కౌంటర్ అనే మాట వచ్చింది, నేను రోజూ కూర్చునేది దాని వెనకే. రసీదులేమో కర్రలు. హేజెల్ అనే చెట్టు కర్ర తీసుకుని గాట్లు పెట్టేవారు, వెయ్యి పౌండ్లకి అరచేతి మందం, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకి పండిన యవ గింజంత. తర్వాత కర్రని నిలువునా చీల్చి ఇద్దరూ చెరో సగం ఉంచుకునేవారు. గొడవొస్తే రెండూ కలిపి చూస్తే గాట్లు కలవాలి. ఆ కర్ర పేరు టాలీ. ఇవాళ "ట్యాలీ అయిందా?" అని అడగని అకౌంటెంట్ లేడు, ఆ పేరుతో మనవాళ్ళ సాఫ్ట్‌వేరే ఉంది. మా చిన్నప్పుడు పాలవాడు వంటింటి గోడ మీద బొగ్గుతో గీసే గీతలు గుర్తొచ్చాయి, మా అమ్మ మాత్రం వాటిని నమ్మకుండా క్యాలెండర్ మీద తన గీతలు తను గీసుకునేది. చెరో సగం అన్నమాట.

ఆ కర్రల పద్ధతి 1826 దాకా నడిచింది. పాత కర్రలన్నీ పోగుపడితే 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనం కింది పొయ్యిల్లో వేసి తగలబెట్టమన్నారు, ఆ మంట ఎక్కువై పార్లమెంటే కాలిపోయింది. పాత ఫైళ్ళు డిస్పోజ్ చేయమని మా ఆఫీసులో సర్క్యులర్ వచ్చినప్పుడల్లా ఇక మీదట నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు, బ్యాంకు చెక్కు. చదరంగంలో చెక్ పడితే ఆట ఆగుతుంది, ముందు రాజుని చూసుకోవాలి. అందుకని చెక్ అంటే ఆపడం, అడ్డు అయింది. అడ్డు నుంచి మోసానికి అడ్డు అయింది. 18వ శతాబ్దంలో డబ్బు కాగితాలకి సంబంధించి ఈ మాట మొదట వాడింది మనం చించి ఇచ్చే కాగితానికి కాదు, పుస్తకంలో మిగిలిపోయే ముక్కకి, అంటే కౌంటర్‌ఫాయిల్‌కి. ఎవరైనా అంకె దిద్దితే దీంతో పోల్చి పట్టుకోవచ్చు కాబట్టి అది చెక్. తర్వాత పేరు మొదలు మీంచి ఆకు మీదికి పాకింది. ఆకు అని ఊరికే అనలేదు, ఫాయిల్ వచ్చిందే ఆకు అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి, మేం ఇప్పటికీ చెక్ లీఫ్ అనే అంటాం. బ్రిటిష్‌వాళ్ళు చివర క్యు, యు, ఇ పెట్టి రాయడం మాత్రం బహుశా ఆ ఎక్స్‌చెకర్ ప్రభావం వల్లనే అంటుంది సైట్. అమెరికావాళ్ళు ఆ తోక పెట్టుకోలేదు.

పద్దెనిమిదేళ్ళుగా చెక్కులు చూస్తున్నా, కౌంటర్‌ఫాయిల్ నింపేవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. మా బ్రాంచికి వచ్చే ఒక కిరాణా హోల్‌సేల్ పెద్దాయన ఉన్నారు, ఆయన ముందు ముక్క మీద తేదీ, పేరు, అంకె రాసుకుంటారు, దాని మీద సిరా ఊది ఆరబెడతారు, అప్పుడుగానీ చెక్కు మీద చెయ్యి పెట్టరు. వెనక లైన్ పెరిగిపోతుంటే లోలోపల విసుక్కునేవాణ్ణి. ఆయన చేస్తున్నదే అసలు చెక్ అని, మిగతావాళ్ళం ఆకు చించుకుని పోతున్నామని ఇప్పుడు అర్థమైంది. విసుగు మాత్రం పోలేదు.

మిగతా అర్థాలు పట్టుకోవడం పెద్ద కష్టం కాదు, తీగ దొరికాక డొంకంతా కదులుతుంది. ఆపడం అయ్యాక ఆపి చూడడం, చూసి సరే అనడం, సరే అన్నాక గుర్తు పెట్టడం. బండి ఆపితే చెక్‌పోస్ట్, వాగు నీళ్ళని ఆపితే చెక్‌డ్యాం, బస్సాపి టికెట్లు చూస్తే చెకింగ్, ఒంటిని చూస్తే చెకప్, హోటల్లో రాసుకుని లోపలికి పంపితే చెకిన్, పేపర్లో "ప్రత్యర్థులకు చెక్" అని హెడ్డింగ్ పెడితే అది మళ్ళీ తిన్నగా చదరంగం బల్ల మీదికే. చదరంగం బల్ల గళ్ళ నుంచి చెక్స్ చొక్కా. ఎండాకాలం మా మామయ్య బనీను, గళ్ళ లుంగీతో వాకిట్లో కూర్చుంటారు, ఆయన నడుముకి పారసీక చక్రవర్తి చుట్టుకుని ఉన్నాడని చెప్తే నావంక అదోలా చూశారు.

అమెరికాలో ఇంకో రెండు ఉన్నాయి. మనం టిక్ అనేదాన్ని వాళ్ళు చెక్ అంటారు, హోటల్లో బిల్లుని కూడా చెక్ అనే అంటారు. మా బావమరిది వెళ్ళిన కొత్తలో హోటల్లో వెయిట్రెస్ వచ్చి చెక్ తెమ్మంటారా అని అడిగితే, "లేదండీ, నా దగ్గర కార్డే ఉంది" అన్నాడట. "బావా, ఇది మా అక్కకి చెప్పకు" అన్నాడు. చెప్పలేదు, ఇక్కడ రాశాను.

సరే, ఒక స్టార్ ఎందుకు తగ్గించాను. ఇది అర్థాలు నేర్పే డిక్షనరీ కాదు, మాటల వంశవృక్షం. రేపు పరీక్ష ఉన్న పిల్లాడికి ఇచ్చి ఉపయోగం లేదు, ఉదాహరణ వాక్యాలు, గ్రామర్ కోసం వేరేది చూడాలి. అంతా ఇంగ్లీషులో, అదీ కుదించి రాసిన ఇంగ్లీషులో ఉంటుంది, కాబట్టి తెలుగు మీడియం పిల్లలు పక్కన ఒకరు లేకుండా చదవడం కష్టం. పైగా ఇది ఇంగ్లీషు మాటల చరిత్ర, చెక్‌డ్యాం మన పల్లెలో ఎలా స్థిరపడిందో అందులో వెతకడం మన అత్యాశే. ఇంకా లోతుగా కావాలంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ ఉంది, 1989 నాటి రెండో ఎడిషన్ 20 సంపుటాలు, అందులో "సెట్" అనే ఒక్క చిన్న మాటకి నాలుగు వందలకి పైగా అర్థాలు. దాని ఆన్‌లైన్‌కి చందా కట్టాలి. ఎటిమాన్‌లైన్ చాలావరకు అలాంటి పెద్ద పుస్తకాల్లోంచే సారం తీసి ఇస్తుంది, మనలాంటివాళ్ళకి ఆ సారం చాలు.

ఆన్‌లైన్ మీద నమ్మకం లేక ఒక పుస్తకం కూడా కొన్నాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇటుకంత లావు పాత ఇంగ్లీషు డిక్షనరీ, 600 చెప్పి 350కి ఇచ్చాడు. బేరం బాగా ఆడానని సంబరపడి ఇంటికి తెచ్చి తెరిస్తే సి అక్షరంలో ముప్ఫై పేజీలు లేవు. సరిగ్గా చెక్ ఉండాల్సిన చోటే. మళ్ళీ ఆదివారం వెళ్ళి చూపిస్తే "సార్, మిగతావన్నీ ఉన్నాయి కదా" అన్నాడు. ఇప్పుడది మా టీవీ కింద ఎత్తు కోసం ఉంది.

ఒక టెస్ట్ మీరూ చేసి చూడండి. బ్యాండికూట్ అని కొట్టండి. ఆస్ట్రేలియాలో ఎలుకలాంటి జంతువుకి ఆ పేరు, కానీ మాట తెలుగుది, పందికొక్కు. పందిలాంటి ఎలుక అని అర్థంతో సహా ఇచ్చాడు. నేను ఆ సైట్‌ని నమ్మడానికి అదొక కారణం.

చెస్ క్లాసు మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన మంచి మనిషి, పిల్లలకి ఓపికగా నేర్పుతారు, ఓపికగానే విన్నారు కూడా. "బాగుంది సార్, కానీ పిల్లలకి గుర్తుండాలి కదా" అన్నారు. ఫ్లెక్సీ అలాగే ఉంది. మావాడు మాత్రం పోయిన వారం టోర్నమెంట్లో చెక్ బదులు "షహ్" అని అరిచాడట, ఎదురుగా ఉన్న అమ్మాయి ఆర్బిటర్‌ని, అంటే రిఫరీని, పిలిచింది.